మధ్యస్థ ధరలో ఫుల్ సస్పెన్షన్ ట్రెయిల్ సైకిల్: రెండు లక్షలు దేనికి పోతాయి?

హైదరాబాద్‌లో సైకిల్ కొనబోయేవారికి ‘డ్యూయల్ సస్పెన్షన్’ (ఫుల్ సస్పెన్షన్ అన్నా ఇదే) అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు సరుకులు ఎదురవుతాయి. ఒకటి పదిహేను వేల రూపాయల లోపే దొరికే, మధ్యలో లావుపాటి స్ప్రింగు బిగించిన సైకిల్. రెండోది రెండు లక్షలు పలికే ట్రెయిల్ మౌంటెన్ బైక్. పైచూపుకు రెండింటికీ ముందొక షాకర్, వెనుకొక షాకర్, లావు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి. మరి ధరలో పదింతలకు మించిన తేడా ఎక్కడి నుంచి వచ్చింది, అందులో పనితనానికి పోయేది ఎంత, పేరుకు పోయేది ఎంత అన్న ప్రశ్నకు దుకాణంలో తగిలించిన చీటీ మీది అక్షరాలు జవాబు చెప్పవు.

ధరల విషయంలో ముందుగా రెండు ప్రభుత్వ నిర్ణయాలను గుర్తు చేసుకోవాలి. సైకిళ్ళ మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కలిపి 2,24,000 రూపాయలున్న సైకిల్ అసలు విలువ 2,00,000. కొత్త పన్నుతో అది 2,10,000 కావాలి, అంటే 14,000 రూపాయల తగ్గుదల. అంతకుముందు 2023-24 కేంద్ర బడ్జెట్‌లో దిగుమతి సైకిళ్ళపై మూల కస్టమ్స్ సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. మనం మాట్లాడుకుంటున్న తరగతి సైకిళ్ళు దాదాపుగా అన్నీ బయటి నుంచి వచ్చేవే కనుక, విదేశీ సమీక్షల్లో ‘మధ్యస్థ ధర’ అని చెప్పిన సైకిల్ ఇక్కడికి వచ్చేసరికి పై మెట్టు మీద కూర్చుంటుంది. ఈ వ్యాసం వరకు మధ్యస్థ ధర అంటే సుమారు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా అనుకుందాం.

ట్రెయిల్ సైకిల్ ఏ పనికి పుట్టింది

మౌంటెన్ బైకులను వాటి చక్రం పైకీ కిందికీ కదలగల దూరాన్నిబట్టి స్థూలంగా విడదీస్తారు. ఆ దూరాన్ని ట్రావెల్ అంటారు. సుమారు 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్నవి క్రాస్ కంట్రీ సైకిళ్ళు. తేలికగా ఉండి, ఎక్కడంలో, వేగంగా దూరం పోవడంలో ముందుంటాయి. 120 నుంచి 150 దాకా ట్రెయిల్ తరగతి. 150 దాటి 170 వరకు ఎండ్యూరో. నిటారు దిగుళ్ళ మీద వేగం కోసం చేసినవి. 200 దగ్గర ఉండేవి డౌన్‌హిల్ సైకిళ్ళు. వాటిని గుట్ట మీదికి వాహనంలో చేర్చి, దిగడానికే వాడతారు.

ఈ వరుసలో ట్రెయిల్ సైకిల్ మధ్యలో ఉంటుంది. సొంత కాళ్ళతో గుట్ట ఎక్కి, రాళ్ళూ వేళ్ళూ ఉన్న బాటన దిగి, తిరిగి ఇంటికి రావడం దాని పని. దీన్ని రోజూ ఆఫీసుకు తారు రోడ్డు మీద వాడుకుందామనుకునేవారికి మాత్రం ఈ బరువు, ఈ ఖర్చు, ఈ సర్వీసింగు అన్నీ వృథా భారమే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద పదిహేను కిలోల ట్రెయిల్ సైకిల్‌కన్నా మామూలు హైబ్రిడ్ సైకిల్ హాయిగా సాగుతుంది.

స్ప్రింగు ఒక్కటే సస్పెన్షన్ కాదు

ధరలోని తేడాకు మూలం ఇక్కడే ఉంది కనుక ఈ విషయాన్ని నిదానంగా చూడాలి.

ఖాజాగూడ గుట్టల్లాంటి చోట బండ మీంచి దిగుతున్నప్పుడు జానెడు ఎత్తున్న రాతిమెట్టు ఎదురైందనుకుందాం. చక్రం దానికి తగలగానే పైకి లేస్తుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది. దెబ్బలోని శక్తి స్ప్రింగులో నిలవ ఉంటుందే తప్ప మాయం కాదు. మరుక్షణం స్ప్రింగు సాగుతూ అదే శక్తిని వెనక్కి తంతుంది. ఆ శక్తిని వేడిగా మార్చి వదిలించేది డ్యాంపర్. అందులో నూనె ఉంటుంది. షాక్ కదిలినప్పుడల్లా ఆ నూనె సన్నని దారుల గుండా దూరాల్సి వస్తుంది, ఆ ప్రతిఘటనే కదలికకు పగ్గం వేస్తుంది. నొక్కుకునేటప్పటి పగ్గాన్ని కంప్రెషన్ అనీ, తిరిగి సాగేటప్పటి పగ్గాన్ని రీబౌండ్ అనీ అంటారు.

పదిహేను వేల సైకిల్‌లో ఉన్నది దాదాపుగా స్ప్రింగు మాత్రమే. చాలా వాటిలో డ్యాంపర్ ఉండదు, ఉన్నా దాన్ని మార్చుకునే మీట ఉండదు. రెండు రాళ్ళు వెంటవెంటనే వచ్చినప్పుడు మొదటి రాయి తన్నిన తన్నుకే వెనుక చక్రం గాలిలోకి లేస్తుంది. ఎక్కేటప్పుడు పెడల్ తొక్కిన ప్రతిసారీ సైకిల్ ఊగుతుంది, తొక్కిన బలంలో కొంత ఆ ఊగులాటకే పోతుంది. అందువల్ల ఇలాంటి సైకిల్ గుట్ట మీద, షాకర్లు అసలే లేని మంచి సైకిల్ కంటే కష్టపెడుతుంది. ఇది తీర్పు కోసం చెబుతున్న మాట కాదు; డ్యాంపర్ లేని స్ప్రింగు చేయగలిగింది అంతే.

రెండో తేడా స్ప్రింగు రకంలో ఉంది. మధ్యస్థ ధర సైకిళ్ళలో చాలావరకు గాలి స్ప్రింగు ఉంటుంది. షాక్ పంపు అనే చిన్న పంపుతో అందులో గాలి ఒత్తిడిని రైడర్ బరువుకు తగినట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇనుప స్ప్రింగు ఒక బరువుకే సరిపోతుంది. 55 కిలోల మనిషికి బిగుసుకుపోయే స్ప్రింగు 95 కిలోల మనిషి కింద అడుగంటా కుంగిపోతుంది.

ఈ సర్దుబాటుకు కొలమానం స్యాగ్. రైడర్ తన సంచీ, నీళ్ళతో సహా సైకిల్ మీద మామూలుగా కూర్చున్నప్పుడు సస్పెన్షన్ కుంగే దూరాన్ని స్యాగ్ అంటారు. వెనుక సుమారు 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం ఉండాలన్నది వాడుక. ఉదాహరణకు వెనుక ట్రావెల్ 130 మిల్లీమీటర్లు, షాక్ కడ్డీ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 50 మిల్లీమీటర్లు ఉన్న సైకిల్‌ను తీసుకుందాం. 130ని 50తో భాగిస్తే 2.6 వస్తుంది, షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం సగటున 2.6 మిల్లీమీటర్లు కదులుతుందని అర్థం. దీన్నే లెవరేజ్ నిష్పత్తి అంటారు. 30 శాతం స్యాగ్ కావాలంటే షాక్ మీది రబ్బరు రింగు 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి, అప్పుడు చక్రం సుమారు 39 మిల్లీమీటర్లు కుంగినట్టు. ఈ కుంగుడు ఉన్నందువల్లనే చక్రం గుంతలోకి కూడా దిగి నేలను వదలకుండా ఉంటుంది. సస్పెన్షన్ అసలు ప్రయోజనం నడుముకు సుఖం ఇవ్వడం కన్నా ముందు టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం. పట్టు, బ్రేకు, మలుపు అన్నీ ఆ అంటుకోవడం మీదే ఆధారపడ్డాయి.

వెనుక చక్రాన్ని పట్టి ఉంచే లింకులు, వాటి చుట్టూ నడిచే వాదం

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కథ సులువు: గొట్టంలో గొట్టం జారుతుంది. వెనుక చక్రం మాత్రం ఫ్రేమ్‌కు కీళ్ళతో అతుక్కుని, ఒక వంపు దారిలో కదులుతుంది. ఆ దారి ఎలా ఉండాలన్న దాని మీద కంపెనీలకొక పద్ధతి ఉంది.

అన్నిటికన్నా సులువైనది సింగిల్ పివట్. వెనుక చక్రం ఒకే కీలు చుట్టూ తిరుగుతుంది. దీనికే ఒక అదనపు లింకు చేర్చి షాక్‌ను తోయించే రకం ఈ ధరలో చాలా కనబడుతుంది. కొన్ని సైకిళ్ళలో చక్రం దగ్గర కీలు కూడా ఉండదు. సన్నని గొట్టాలే కొద్దిగా వంగి ఆ పని చేస్తాయి. జయంట్ కంపెనీ స్టాన్స్ మోడల్ ఇలాంటిదే. హోర్స్ట్ లింకులో వెనుక ఇరుసుకు కొంచెం ముందు, కింది గొట్టం మీద మరో కీలు ఉంటుంది. అమెరికాలో దీని పేటెంటు చాలా ఏళ్ళు స్పెషలైజ్డ్ కంపెనీ చేతిలో ఉండి, 2010 దశకంలో గడువు తీరింది. ఆ తర్వాత ఎందరో తయారీదారులు దీన్ని అందుకున్నారు. ట్రెక్ ఏబీపీ పద్ధతిలో కీలు సరిగ్గా ఇరుసు మీదే ఉంటుంది. జయంట్ మాయెస్ట్రో, శాంటా క్రూజ్ వీపీపీ, డేవ్ వీగిల్ రూపొందించిన డీడబ్ల్యూ లింక్ మొదలైనవి రెండు పొట్టి లింకులతో వెనుక భాగాన్ని వేలాడదీస్తాయి.

ఇవన్నీ సాధించాలనుకునేవి ముఖ్యంగా మూడు. తొక్కినప్పుడు చైను లాగుడు వల్ల సైకిల్ కుంగకుండా చూడటం మొదటిది; దీన్ని యాంటీ స్క్వాట్ అంటారు. బ్రేకు వేసినప్పుడు సస్పెన్షన్ బిగుసుకుపోకుండా చూడటం రెండోది. ట్రావెల్ చివరికి వస్తున్నకొద్దీ క్రమంగా గట్టిపడి అడుగు తగలకుండా కాపాడటం మూడోది. ఒకదాన్ని పెంచితే మరొకటి కొంత తగ్గుతుంది. యాంటీ స్క్వాట్ మరీ ఎక్కువైతే రాళ్ళ మీద తొక్కుతున్నప్పుడు పెడల్ పాదాన్ని వెనక్కి తన్నుతుంది.

ఇక్కడ రెండు వాదాలున్నాయి. లింకు పద్ధతే సైకిల్ ఆత్మ అని కొందరు అంటారు. మంచి లింకు ఉంటే షాక్ మీట తిప్పాల్సిన అవసరం లేకుండానే ఎక్కుడు సాగుతుందన్నది వారి అనుభవం. పద్ధతి పేరు కన్నా ఆ పద్ధతిలో కీళ్ళను ఎక్కడ పెట్టారు, షాక్‌ను ఎలా సర్దారు అన్నదే ముఖ్యమని మరికొందరు అంటారు. రెండో వాదానికే నేను ఎక్కువ బరువు ఇస్తాను, ఈ ధర వరకు. బాగా సర్దిన సింగిల్ పివట్ సైకిల్ నాసిరకం షాక్ బిగించిన నాలుగు కీళ్ళ సైకిల్‌ను దాటిపోతుంది. పైగా కీళ్ళు తక్కువైతే మార్చాల్సిన బేరింగులూ తక్కువే. వానాకాలం బురదలోనూ ఎండాకాలం దుమ్ములోనూ తిరిగే సైకిల్‌కు ఇది చిన్న లాభం కాదు.

ఫ్రేమ్ కొలతల్లో డిగ్రీలు, మిల్లీమీటర్లు ఏం మారుస్తాయి

విడిభాగాలను తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేమ్ కొలతలను మార్చుకోలేం. మధ్యస్థ ధరలో సైకిల్ ఎంచుకోవడం అంటే ప్రధానంగా ఫ్రేమ్‌ను ఎంచుకోవడమేనన్నది ఈ వ్యాసం నిలబడే మాట.

హెడ్ యాంగిల్ అంటే ముందు ఫోర్కు నేలతో చేసే కోణం. పాత మౌంటెన్ బైకుల్లో ఇది 68, 69 డిగ్రీలుండేది. ఇప్పటి ట్రెయిల్ సైకిళ్ళలో 64.5 నుంచి 66.5 మధ్య ఉంటుంది. కోణం తగ్గినకొద్దీ ముందు చక్రం రైడర్‌కు దూరంగా జరుగుతుంది. నిటారు బండ దిగేటప్పుడు హ్యాండిల్ మీంచి ముందుకు తూలిపోతామన్న భయం తగ్గుతుంది. బదులుగా నెమ్మదిగా వెళ్ళేటప్పుడు, ఇరుకు మలుపుల్లో, హ్యాండిల్ అటూఇటూ వాలినట్టు అనిపిస్తుంది.

రీచ్ అనేది పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం దాకా అడ్డంగా ఉండే దూరం. నిలబడి తొక్కినప్పుడు మనకు దక్కే చోటు ఇదే. ఎం సైజులో ఇప్పుడు 440 నుంచి 455 మిల్లీమీటర్ల దాకా మామూలు. సీటు ఎత్తును మార్చి రీచ్‌ను సరిదిద్దలేం కనుక, రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారు ఎస్, ఎం అన్న అక్షరాల కన్నా ఈ అంకెనే పోల్చుకుంటే స్పష్టత వస్తుంది. ఒక కంపెనీ ఎం మరో కంపెనీ ఎస్‌తో సమానం కావడం తరచుగా జరిగేదే.

సీటు గొట్టం కోణం గురించి జనం తక్కువగా మాట్లాడతారు గానీ మన గుట్టల మీద దాని ప్రభావం పెద్దది. పెడళ్ళ ఇరుసు నుంచి సీటు దాకా 700 మిల్లీమీటర్లు ఉన్న రైడర్‌ను తీసుకుందాం. కోణం 73 డిగ్రీలైతే సీటు ఇరుసుకన్నా సుమారు 205 మిల్లీమీటర్లు వెనుక ఉంటుంది. కోణం 76.5 డిగ్రీలైతే సుమారు 163 మిల్లీమీటర్లే. అంటే శరీరం నాలుగు సెంటీమీటర్లకు పైగా ముందుకు వచ్చింది. అదే ఎక్కుడులో ముందు చక్రం గాలిలోకి లేచే బెడదను తగ్గించి, తొక్కుడు బరువును నేరుగా పెడళ్ళ మీదికి తెస్తుంది. చదునైన రోడ్డు మీద మాత్రం ఇదే భంగిమ చేతుల మీద బరువు పెంచుతుంది. గుట్ట దాకా ముప్ఫై కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయేవారు దీన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

చక్రాల కొలత విషయంలో 26 అంగుళాలు ఈ తరగతి నుంచి దాదాపు తప్పుకుంది. 29 అంగుళాల చక్రం రాళ్ళ మీద సాఫీగా దొర్లుతుంది, 27.5 చురుగ్గా తిరుగుతుంది. ముందు 29, వెనుక 27.5 పెట్టే పద్ధతి కూడా ఉంది. అయిదడుగుల మూడు అంగుళాల లోపు ఎత్తున్నవారికి, నిటారు దిగుళ్ళలో వెనుక చక్రం తగలకుండా ఉండేందుకు, చిన్న చక్రం ఉపయోగపడుతుంది. కొన్ని కంపెనీలు చిన్న సైజుల్లో ఆ చక్రాన్నే బిగించి పంపుతాయి.

హైదరాబాద్ నేలకు ఎంత ట్రావెల్ చాలు

మన చుట్టూ ఉన్నది దక్కను గ్రానైట్. వందల కోట్ల ఏళ్ళనాటి ఈ రాయి పొరలు పొరలుగా ఊడి, గుండ్రని బండలుగా, వాలు రాతిపలకలుగా మిగిలింది. పొడిగా ఉన్నప్పుడు దాని మీద టైరుకు అద్భుతమైన పట్టు దొరుకుతుంది. కానీ రాయి శిథిలమై రాలిన గరుకు ఇసుక ఆ పలకల మీద పరుచుకుని ఉంటుంది, బ్రేకు గట్టిగా పట్టామంటే టైరు కింద గోళీల్లా జారుతుంది. ఎక్కుళ్ళు పొట్టిగా, నిటారుగా ఉంటాయి. దిగుళ్ళు కూడా అంతే పొట్టి. గండిపేట, హిమాయత్‌సాగర్ పరిసరాల్లో మొరం బాటలు, చెరువు కట్టలు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో చెట్ల నీడలో ఎర్రమట్టి బాటలు కాస్త పొడవుగా సాగుతాయి. అయితే అక్కడ రిజర్వు అడవి ఉన్నచోట అటవీ శాఖ నిబంధనలకు లోబడే తిరగాలి.

ఇలాంటి నేల మీద వేగం కన్నా బ్యాలెన్స్, ఎక్కే ఓపిక ఎక్కువగా అక్కరకొస్తాయి. అందుకే వెనుక 120 నుంచి 140, ముందు 130 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య ఉన్న సైకిల్ ఇక్కడ చాలినంత అని నా అంచనా. ఎక్కువ ట్రావెల్ కావాలనేవారి వాదనలోనూ బలముంది: కొత్తగా నేర్చుకునేవారి పొరపాట్లను అదనపు ట్రావెల్ క్షమిస్తుంది, ఏడాదికోసారి సహ్యాద్రికో హిమాలయాలకో సైకిల్ తీసుకుపోయేవారికి అది అక్కడ అక్కరకొస్తుంది. కానీ 150 మిల్లీమీటర్ల సైకిల్ సాధారణంగా బరువెక్కువ. అదే ధరలో ఎక్కువ ట్రావెల్ ఇవ్వాలంటే కంపెనీ మరెక్కడో కోత పెట్టి ఉంటుంది, ఆ కోత తరచుగా డ్యాంపర్ నాణ్యతలోనే పడుతుంది.

వెనుక సస్పెన్షన్ అసలు అవసరమా

వెనుక షాక్ లేకుండా ముందు ఫోర్కు మాత్రమే ఉన్నదాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. లక్షన్నరకు ఫుల్ సస్పెన్షన్‌లో మొదటి మెట్టు సైకిల్ వస్తే, అదే డబ్బుకు హార్డ్‌టెయిల్‌లో పై మెట్టు సైకిల్ వస్తుంది: మెరుగైన ఫోర్కు, మెరుగైన బ్రేకులు, తక్కువ బరువు. కీళ్ళు లేవు కనుక సర్వీసింగు ఖర్చు తక్కువ. రాళ్ళలో దారి ఎంచుకోవడం, కాళ్ళను వంచి దెబ్బను మింగడం హార్డ్‌టెయిల్ మీదే బాగా అలవడతాయని పాతకాపులు అంటారు, అది నిజమే. ఫుల్ సస్పెన్షన్ పక్షం వాదన వేరు: వెనుక చక్రం నేలను వదలకపోవడం వల్ల రాళ్ళున్న ఎక్కుడులో కూడా పట్టు దొరుకుతుంది, రెండు మూడు గంటల తర్వాత నడుము అలసట స్పష్టంగా తగ్గుతుంది. నలభై దాటినవారికి ఈ రెండో కారణం ఒక్కటే నిర్ణయాన్ని తేల్చేస్తుంది. లక్షన్నర దగ్గర ఆగిపోవాల్సిన బడ్జెట్‌లో హార్డ్‌టెయిల్ వాదం బలంగా ఉంటుంది. రెండు లక్షలు దాటాక తూకం క్రమంగా ఫుల్ సస్పెన్షన్ వైపు మొగ్గుతుంది.

చీటీ మీద మెరిసే పేరు, చీటీ మీద కనిపించని భాగం

గేర్ల గురించి ముందుగా ఒక లెక్క. ఇప్పుడు ఈ తరగతిలో ముందు పళ్ళ చక్రం ఒక్కటే, వెనుక 12 గేర్లు. షిమానో కంపెనీ 2020లో తెచ్చిన డియోర్ 12 స్పీడ్ గేర్లలో వెనుక పెద్ద పళ్ళ చక్రానికి 51 పళ్ళు. స్రామ్ కంపెనీ ఎన్‌ఎక్స్, ఎస్‌ఎక్స్ ఈగిల్ గేర్లలో 50. ముందు 32 పళ్ళుంటే, డియోర్‌లో అతి తేలిక గేరులో పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం 0.63 చుట్టు తిరుగుతుంది. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు కనుక సైకిల్ 1.44 మీటర్లు ముందుకు సాగుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు, అంటే నడక వేగం. అనంతగిరి ఎక్కుళ్ళకు ఇది చాలు. 50, 51 పళ్ళ మధ్య తేడా కాలికి తెలియదు. తెలిసే తేడా మరోచోట ఉంది: డియోర్ క్యాసెట్ (వెనుక పళ్ళ చక్రాల గుత్తి) మైక్రో స్ప్లైన్ అనే కొత్త రకం హబ్ (చక్రం నడిమి భాగం) మీద కూర్చుంటుంది, ఎన్‌ఎక్స్ క్యాసెట్ పాత తరహా హబ్ మీద. పాత తరహా హబ్ ఉన్న సైకిల్‌కు రేపు మెరుగైన క్యాసెట్ కావాలంటే హబ్‌లో క్యాసెట్‌ను మోసే ఫ్రీహబ్ కూడా మార్చాల్సి రావచ్చు.

దుకాణాల్లో తరచుగా కనిపించే మరో సంగతి: వెనుక గేరు మార్చే డెరైలర్ పైతరగతిది బిగించి, కంటికి అంతగా ఆనని షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట), క్యాసెట్, చైన్ కింది తరగతివి పెడతారు. గేరు ఎంత స్ఫుటంగా పడుతుందన్నది ఎక్కువగా షిఫ్టర్ చేతిలో ఉంటుంది.

ఫ్రేమ్‌లోనే కలిసిపోయిన ప్రమాణాలు ఇంకా ముఖ్యం. వెనుక ఇరుసు 148 మిల్లీమీటర్ల వెడల్పున్న బూస్ట్ రకమా, పాత 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజా? పాతదైతే మంచి చక్రాలు దొరకడం ఏటేటా కష్టమవుతుంది. డెరైలర్‌ను మోసే హ్యాంగర్ 2019లో స్రామ్ తెచ్చిన యూనివర్సల్ రకమైతే, రాయి తగిలి అది వంగినప్పుడు కొత్తది సులువుగా దొరుకుతుంది. కంపెనీకొక ప్రత్యేక రకమైతే ఆ చిన్న ముక్క కోసం వారాలు ఆగాల్సి రావచ్చు.

బ్రేకులు హైడ్రాలిక్ కావడం ఈ ధరలో సాధారణం. బ్రేకు ప్యాడ్లను నొక్కే పిస్టన్లు రెండా, నాలుగా అన్నది చర్చ. నాలుగు పిస్టన్ల బ్రేకు పొడవాటి దిగుళ్ళలో వేడికి తట్టుకుంటుంది; మన దిగుళ్ళు పొట్టివి కనుక 75 కిలోల లోపు మనిషికి 180 మిల్లీమీటర్ల డిస్కుతో రెండు పిస్టన్లు సరిపోతాయి. ఇక సీటును మీట నొక్కగానే కిందికి దించే డ్రాపర్ పోస్ట్ ఉందా లేదా చూడాలి. పొట్టి ఎక్కుడు, వెంటనే పొట్టి దిగుడు వచ్చే మన బాటల్లో దీని ఉపయోగం అన్నిచోట్లకన్నా ఎక్కువ.

ఒకే ధరలో రెండు సైకిళ్ళు: ఒక ఊహా పోలిక

2,20,000 రూపాయలకు రెండు సైకిళ్ళున్నాయనుకుందాం. మొదటిదాని డెరైలర్ పైతరగతిది. ఫోర్కు లోపలి స్తంభాలు సన్నవి, రీబౌండ్ మీట తప్ప మరో సర్దుబాటు లేదు. హెడ్ యాంగిల్ 68, సీటు కోణం 73, వెనుక ఇరుసు పాత రకం, డ్రాపర్ లేదు. రెండోదాంట్లో డియోర్ గేర్లు, 35 మిల్లీమీటర్ల స్తంభాలున్న గాలి ఫోర్కు, హెడ్ యాంగిల్ 65.5, సీటు కోణం 76.5, బూస్ట్ ఇరుసు, యూనివర్సల్ హ్యాంగర్, డ్రాపర్ ఉన్నాయి. బ్రేకులు మాత్రం మొదటి మెట్టువి, టైర్లు పలచనివి.

దుకాణంలో మొదటిది మెరుస్తుంది. కానీ రెండోదాని లోపాలు, అంటే బ్రేకులు, టైర్లు, వేలల్లో తీరేవి. వాటిని అరిగాకే మార్చుకోవచ్చు. మొదటిదానికి మంచి ఫోర్కు ఒక్కటి కొనాలన్నా సైకిల్ ధరలో మూడో వంతు దాకా పోవచ్చు, అంత పెట్టినా కోణాలు పాతవే.

దీనికి ఎదురు వాదం కూడా న్యాయమైనదే. విదేశాల్లో ఫ్రేమ్ చూసి కొని, భాగాలను నెమ్మదిగా మార్చుకోవడం సులువు. మన దగ్గర విడిభాగాల ధర ఎక్కువ, దొరకడం ఆలస్యం. ఇక అయిదేళ్ళ దాకా ఏదీ మార్చనని ముందే తెలిసినవారికి, మంచి బ్రేకులు, మంచి గేర్లు బిగించి వచ్చిన సైకిలే లాభసాటి కావచ్చు. అలాంటివారికి కూడా కోణాలు, రీచ్ తమకు కుదిరాకే ఈ లెక్క వర్తిస్తుంది.

పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ

టైర్ల సంగతిని విదేశీ సమీక్షలు మన కోసం రాయవు. మొరం బాటల పక్కన పల్లేరు కాయలు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్ళు ట్యూబును ఒకే రోజు పలుచోట్ల పొడుస్తాయి. ట్యూబు తీసేసి, టైరు లోపల ద్రవ సీలెంట్ పోసే ట్యూబ్‌లెస్ పద్ధతి ఈ బెడదను చాలావరకు తీరుస్తుంది. ముల్లు దిగినచోట సీలెంట్ గడ్డకట్టి రంధ్రాన్ని పూడుస్తుంది. ఒత్తిడిని కూడా తగ్గించుకోవచ్చు; 2.4 అంగుళాల వెడల్పు టైరులో 75 కిలోల రైడర్‌కు ముందు 20, వెనుక 24 పీఎస్‌ఐ చుట్టుపక్కల మొదలుపెట్టడం వాడుక. ట్యూబుతో అంత తక్కువ పెడితే రాతి అంచుకు ట్యూబు రిమ్ము మధ్య నలిగి చిరుగుతుంది. మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది కనుక వేసవిలో రెండు మూడు నెలలకోసారి చూసుకోవాల్సి వస్తుంది. కొనే సైకిల్ రిమ్ములు, టైర్లు రెండూ ట్యూబ్‌లెస్‌కు సిద్ధంగా ఉన్నాయో లేదో ముందే తెలిస్తే ఈ మార్పు కొద్ది ఖర్చుతో అయిపోతుంది. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి మీద వానాకాలంలో తిరిగేవారికి ఏ టైరూ పరిష్కారం కాదు. ఆ మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని సైకిల్‌ను నిలబెట్టేస్తుంది.

కొన్న తర్వాతి ఖర్చు, సెకండ్ హ్యాండ్ సైకిళ్ళు

రాక్‌షాక్స్ ఫోర్కులకు కింది గొట్టాల నూనెను సుమారు 50 గంటల సవారీకోసారి మార్చమని కంపెనీ చెబుతుంది. వారానికి మూడు గంటలు తిరిగేవారికి అది పదిహేడు వారాలు, అంటే ఏడాదికి మూడుసార్లు. ఫాక్స్ కంపెనీ 125 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి సర్వీసు సూచిస్తుంది. ఈ పని చేయగల మెకానిక్ నగరంలో ఎవరన్నది, సీల్ కిట్లు నిలవ ఉంటాయా అన్నది కొనకముందే అడగదగిన ప్రశ్నలు. కార్లు కడిగే చోట ప్రెషర్ నీళ్ళతో కడిగించడం వల్ల బేరింగుల్లోని గ్రీజు కొట్టుకుపోతుంది. బకెట్ నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు.

సెకండ్ హ్యాండ్‌లో మూడు లక్షల సైకిల్ లక్షన్నరకు దొరకడం ఆకర్షణీయమే. ఫ్రేమ్ వారంటీ చాలా కంపెనీల్లో మొదటి యజమానికే పరిమితం కనుక పరీక్ష జాగ్రత్తగా జరగాలి. హెడ్ గొట్టం దగ్గర, కీళ్ళ దగ్గర వెల్డింగు అంచుల వెంట పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. ఫోర్కు స్తంభం మీద గోరు ఆనించి పైనుంచి కిందికి జరిపితే, గోరు తట్టుకునేంత గీత ఉన్నచోట సీలు నుంచి నూనె కారుతుంది. సీటును పట్టుకుని, వెనుక టైరు నేలను వదలీ వదలనంత మెల్లగా సైకిల్‌ను పైకి లేపితే, కీళ్ళు బాగుంటే చక్రం వెంటనే లేస్తుంది. బేరింగులు అరిగి ఉంటే ముందు సన్నగా ‘టక్’ మని శబ్దం వచ్చి, ఆ తర్వాతే చక్రం లేస్తుంది. ఆ శబ్దం కీళ్ళ నుంచి వచ్చిందా, షాక్ బిగించిన బుష్ నుంచి వచ్చిందా అన్నది ఒక్కో కీలు మీద వేలు పెట్టి మళ్ళీ లేపి చూస్తే తెలుస్తుంది. బుష్ అయితే చిన్న ఖర్చు. కీళ్ళ బేరింగులన్నీ మార్చాల్సి వస్తే ఆ మొత్తాన్ని, పాత షాక్ సర్వీసు ఖర్చును బేరంలో తగ్గించుకోవడం రివాజు.